ఓడ ముందా, బండి ముందా?

పెద్దమ్మ రామేశ్వరం పోయి వచ్చిన రోజు తిరుపతి స్టేషన్‌కు నేనే వెళ్ళాను. చేతిసంచిలో శంఖాలు, గవ్వల దండలు, ఒక ప్లాస్టిక్ సీసాలో ఇరవై రెండు తీర్థాల నీళ్ళు. ఆటో ఎక్కక ముందే అడిగింది.

“పాత వంతెన రెండు చేతులెత్తి దండం పెట్టినట్ల విచ్చుకొనేది గదరా నాయనా. ఇప్పుడు అట్ల లేదే. మధ్య ముక్క నిలువునా పైకి పోతాదంట. అంత ఇనుము ఎట్ల లేస్తాది? బాగుండేదాన్ని ఎందుకు మార్చినారు?”

అడిగినవి రెండు ప్రశ్నలు. ఎట్లా లేస్తుంది అన్నదానికి జవాబు మా ఊరి బావి దగ్గరే ఉంది. ఎందుకు మారింది అన్నదానికి మాత్రం చాలా దూరం పోవాలి. అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున డలూత్ అని ఒక ఊరుంది. నిలువునా లేచే వంతెన కావాలని ఆ ఊరు 1892లోనే అడిగింది, కుదరదనిపించుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడే అలాంటి వంతెన లేచింది. ఆ వంతెన ఇప్పటికీ లేస్తూనే ఉంది. దాని కథ తెలిస్తే, పెద్దమ్మ అడిగిన పాంబన్ వంతెన, అదే సముద్రం మీదుగా రామేశ్వరానికి రైలు పోయే వంతెన, దాని కథ సగం అర్థమైనట్టే.

ముందు బావి సంగతి. పుత్తూరు దగ్గర మా తాత చేనిలో నా చిన్నప్పుడు ఏతాం ఉండేది. నిలువుగా పాతిన రెండు రాతి కూసాల మధ్య అడ్డంగా పొడుగాటి తాటి మాను. ఒక కొసన తాడుకు కట్టిన ఇనుప బక్కెట, రెండో కొసన కత్తాళనార తాడుతో బిగించిన గుండు. ఆ తాడు ఒరిసి ఒరిసి రాయి నడుము చుట్టూ వేలెడు లోతు గాడి పడింది. పదేళ్ళ పిల్లవాడిగా నాకు వింతగా తోచింది ఒకటే: నీళ్ళు నిండిన బక్కెటను పైకి తేవడం సులువు, ఖాళీ బక్కెటను కిందికి దింపడమే కష్టం. తాత నవ్వేవాడు. “పైకి తెచ్చేది నువ్వు కాదురా, ఆ గుండు” అనేవాడు. నేను తాడుకు వేలాడి ఖాళీ బక్కెటను కిందికి లాగుతుంటే అవతల గుండు పైకి లేచేది. నీళ్ళు నిండగానే గుండు దిగేది, బక్కెట లేచేది. నాకు మిగిలేది అటూ ఇటూ ఉన్న కాస్త తేడాను తోయడమే.

లేచే వంతెన చేసే పని కూడా ఇంతే. రెండు వైపులా ఎత్తైన ఇనుప గోపురాలు, వాటి నెత్తిన బావి గిలకల్లాంటి పెద్ద పెద్ద చక్రాలు, చక్రాల మీదుగా ఉక్కు తాళ్ళు. తాళ్ళకు ఒక కొసన వంతెన ముక్క, రెండో కొసన దానికి సరితూగే దిమ్మెలు. డలూత్ వంతెనలో లేచే భాగం బరువు దాదాపు 900 టన్నులు. ఒక్కో వైపు వేలాడే దిమ్మె దాదాపు 450 టన్నులు. రెండు దిమ్మెలు దిగితే వంతెన లేస్తుంది. మోటార్లు 900 టన్నులను మొయ్యవు. చక్రాల రాపిడినీ, గాలి తోపునూ, ఆ కాస్త తేడానూ గెలిస్తే చాలు. బక్కెట దగ్గర పదేళ్ళ పిల్లవాడు చేసిన పనే అది.

అందుకే ఇలాంటి వంతెన కట్టేవాళ్ళకు బలం కంటే తూకం మీదే ఎక్కువ దిగులు. వంతెన మొత్తానికి కొత్తగా ఒక పూత రంగు వేస్తే బరువు మారిపోతుంది. రోడ్డు పలకలు మార్చినా, వాన నీళ్ళు ఇంకినా, మంచు పేరుకున్నా మారుతుంది. అందుకని దిమ్మెల్లో ఖాళీ గూళ్ళు వదిలిపెట్టి, అవసరాన్ని బట్టి చిన్న చిన్న దిమ్మెలు వేస్తూ తీస్తూ ఉంటారు. అంగట్లో తక్కెడ సరిచేసినట్టే. అచ్చంగా సమానంగానూ ఉంచరు. వంతెన వైపే కొంచెం మొగ్గు ఉండాలి, లేకపోతే దిగిన తర్వాత తన చోట గట్టిగా కూర్చోదు. గోపురాలు ఎత్తైనవైతే ఇంకో చిక్కు వస్తుంది. వంతెన పైకి పోయేకొద్దీ ఉక్కు తాళ్ళ బరువే ఒక వైపు నుంచి రెండో వైపుకు జారుతుంది. కొన్నిచోట్ల ఆ తాళ్ళ బరువును కూడా సరిచేయడానికి వేరే గొలుసులు వేలాడదీస్తారు. ఇంత లెక్క ఉంది ఆ లేవడం వెనకాల.

ఇక ఎందుకు మారింది అన్నది. నీటి మీద రోడ్డో రైలో పోవాలి, కింద ఓడలూ పోవాలి. వంతెనను ఎత్తుగా కడితే గొడవే ఉండదు, కానీ అంత ఎత్తుకు ఎక్కడానికి రెండు వైపులా మైళ్ళ కొద్దీ వాలు కట్టాలి. రైలుకైతే మరీ ఎక్కువ. ఆ డబ్బూ ఆ చోటూ లేనప్పుడు వంతెననే పక్కకు తప్పించాలి. పాతకాలంలో ఎక్కువగా కట్టింది తిరిగే వంతెన. మధ్యలో ఒక స్తంభం, దాని మీద వంతెన గడియారం ముల్లులా తిరిగి ప్రవాహానికి నిలువుగా ఆగుతుంది, ఓడలు ఇరువైపులా పోతాయి. దీంట్లో చిక్కు ఆ స్తంభమే. ఓడకు దారి ఇవ్వడానికి కట్టిన వంతెన ఓడ దారి మధ్యలోనే కూర్చుంటుంది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి చికాగో నదిలో ఇది భరించలేని బాధ అయింది. నది ఇరుకు, ఓడలు ఏటేటా పెద్దవవుతున్నాయి, వీధి వీధికీ ఒక తిరిగే వంతెన, నది నడుమ వరసగా స్తంభాలు. ఆ ఒత్తిడిలోంచే ఏడాది తేడాలో రెండు కొత్త రకాలు పుట్టాయి. 1894లో సౌత్ హాల్‌స్టెడ్ వీధి దగ్గర జె.ఎ.ఎల్. వాడెల్ అనే ఇంజనీరు నిలువునా లేచే వంతెన కట్టాడు. నూట ముప్పై అడుగుల పొడుగు, ఆవిరి యంత్రంతో నీటి మీద నూట యాభై అయిదు అడుగుల ఎత్తుకు లేచేది. మరుసటి ఏడాది, 1895లో, వాన్ బ్యూరెన్ వీధి దగ్గర విలియం షెర్జర్ ఆలోచించిన వంతెన వచ్చింది. అది లేచేటప్పుడు వెనక్కి దొర్లుతుంది, ఊగుడు కుర్చీ వెనక్కి వాలినట్టు. మడమ దగ్గర బరువు, ముందు చాచిన చెయ్యి. షెర్జర్ 1893లోనే చనిపోయాడు, తన వంతెన లేవడం చూడలేదు. ఆయన పేరు మీద నడిచిన కంపెనీ మాత్రం ఆ రకాన్ని ప్రపంచమంతా పంపింది.

మన పాంబన్ పాత వంతెన షెర్జర్ రకం. కొత్తది వాడెల్ మొదలుపెట్టిన రకం. రామేశ్వరం దారిలో పెద్దమ్మ చూసిన మార్పు నూట ముప్పై ఏళ్ళ కిందట ఒకే ఊళ్ళో, ఒకే నది మీద ఏడాది తేడాతో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల మధ్య మార్పు. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

వాడెల్ తన వంతెన మొదట గీసింది చికాగో కోసం కాదు, డలూత్ కోసం. ఆ ఊరి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

సుపీరియర్ మంచినీటి సరస్సే. కానీ దాని వైశాల్యం 82,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. తుఫాను లేస్తే సముద్రానికేం తీసిపోదు. దాని పడమటి కొసన కొండవాలు మీద డలూత్. ఊరి ముందు నీళ్ళలోకి సన్నగా, పొడుగ్గా ఒక ఇసుక దిబ్బ. ఊరి వైపున ఉన్న భాగమే పదకొండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. దిబ్బకు బయట అలలు కొట్టే సరస్సు, లోపల సెయింట్ లూయీ నది వచ్చి చేరే నిమ్మళమైన నీళ్ళు. ఓడలు నిలుపుకోవడానికి దేవుడిచ్చిన చోటు. సూళ్ళూరుపేట వైపు వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది: శ్రీహరికోట దీవి బయట సముద్రాన్ని ఆపి లోపల పులికాట్‌ను కాపాడినట్టే.

చిక్కు ఏమిటంటే, లోపలికి వచ్చే సహజమైన మొగ పక్క రాష్ట్రం విస్కాన్సిన్ వైపు, సుపీరియర్ అనే ఊరి దగ్గరుంది. వ్యాపారమంతా వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోతోంది. డలూత్ వాళ్ళు 1870లో తమ వైపే దిబ్బను తవ్వి కాలువ తీయడం మొదలుపెట్టారు, 1871లో ఓడలు దాన్లోంచి రాసాగాయి. ఎదుటి ఊరివాళ్ళు కోర్టు ఉత్తర్వు తెస్తున్నారని తెలిసి, అది వచ్చేలోపు ఊరంతా పలుగూ పారా పట్టి రాత్రింబవళ్ళు తవ్విందని అక్కడ చెప్పుకుంటారు. అది ఊరి కథ. తవ్వినదాన్లో ఎక్కువ భాగం నీటి అడుగు తవ్వే ఆవిరి ఓడదే. కోర్టు తగాదా మాత్రం నిజం. మీ కాలువ వల్ల నదీ ప్రవాహం మళ్ళిపోయి మా మొగ పూడిపోతోందని విస్కాన్సిన్ రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ పనిని అప్పటికే జాతీయ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది కాబట్టి మేము కలగజేసుకోమని 1877లో కోర్టు కొట్టేసింది. నీటి తగాదాలు మనకు కొత్తవి కావు గనుక ఇది చదువుతుంటే పరాయి దేశంలా అనిపించదు.

కాలువతో ఓడలు లోపలికి వచ్చాయి, దిబ్బ మీది మనుషులు బయటపడిపోయారు. అప్పటిదాకా నడిచి ఊళ్ళోకి వచ్చేవాళ్ళ ఇళ్ళు ఒక్కసారిగా దీవి మీదివైపోయాయి. ఎండాకాలం పడవలు. చలికాలం గడ్డకట్టిన నీళ్ళు, మధ్యలో విరుగుతూ కలుస్తూ ఉండే మంచు పలకలు, కొన్నాళ్ళు తాత్కాలికంగా కట్టిన వేలాడే నడక వంతెన. బడికి పోయే పిల్లలు, మంత్రసాని కోసం పరుగెత్తేవాళ్ళు, పాలవాళ్ళు అందరూ ఆ మూడు వందల అడుగుల నీటి ముందు ఆగిపోవాల్సిందే. వంతెన కడతామన్న మాట మీదే పార్క్ పాయింట్ అనే ఆ దిబ్బ ఊరు డలూత్‌లో కలిసింది. 1892లో నగరం పోటీ పెట్టింది, వాడెల్ గీసిన నిలువు లిఫ్ట్ వంతెన గెలిచింది. ఓడలు పోయే నీటి మీద ఏం కట్టాలన్నా అమెరికా ప్రభుత్వపు యుద్ధ శాఖ ఒప్పుకోవాలి. వాళ్ళు కుదరదన్నారు. ఆ బొమ్మే రెండేళ్ళ తర్వాత చికాగోలో వంతెన అయింది.

డలూత్‌కు వంతెన 1905లో వచ్చింది, కానీ అది వంతెన అంటే మనం అనుకునేది కాదు. కాలువకు రెండు పక్కలా రెండు గోపురాలు, వాటి మధ్య నీటికి 135 అడుగుల ఎత్తున అడ్డంగా ఇనుప దూలం. ఎంత పెద్ద ఓడైనా కిందుగా పోవచ్చు. ఆ దూలం నుంచి నీటి మట్టం దాకా వేలాడుతూ ఒక గది. గాలికి ఊగకుండా తాళ్ళకు బదులు గట్టి ఇనుప చట్రానికి బిగించారు. మనుషులు, గుర్రబ్బండ్లు, ట్రాములు అన్నీ ఆ గదిలోకి ఎక్కితే నిమిషంలో అటు గట్టుకు జరిపేది. 60 టన్నులు మోసేది. ఫ్రాన్స్‌లో రువాన్ దగ్గర ఉన్నదాన్ని చూసి నగర ఇంజనీరు థామస్ మెక్‌గిల్వ్రే గీసిన బొమ్మ అది. ఓడ ఆగనక్కర్లేదు, మనిషి నీళ్ళలో దిగనక్కర్లేదు. తీగ మీద బట్టను అటూ ఇటూ జరిపినట్టు ఊరినే జరిపే ఏర్పాటు.

అదే ఏడాది నవంబరు 28న ఆ కాలువ దగ్గర జరిగింది చెప్పకుండా ముందుకు పోలేను. పెద్ద తుఫానులో మటాఫా అనే ఓడ కాలువలోకి రాబోయి కాంక్రీటు గట్టుకు కొట్టుకుని విరిగి, ఒడ్డుకు కొద్ది దూరంలోనే చిక్కుకుపోయింది. ఊళ్ళోవాళ్ళు వేల మంది గట్టున మంటలు వేసుకుని రాత్రంతా నిలబడ్డారు. అలల్లో పడవ దించడానికి వీల్లేదు. తెల్లారేసరికి తొమ్మిది మంది చలికి కొయ్యబారి చనిపోయారు. ఒడ్డున వేలమంది ఉండి, ఎదురుగా గోపురాలు ఉండి కూడా. కాలువ అంటే ఓడలకు ఎంత ఇరుకైన సందో, దాని మీద ఏం కట్టినా ఎందుకంత భయపడతారో అర్థం కావాలంటే ఆ రాత్రి గుర్తుంచుకోవాలి.

వేలాడే గది పాతికేళ్ళు పనిచేసింది. దాన్ని ఓడించింది మోటారు కారు. 1920లలో కార్లు పెరిగి, ఎండాకాలం దిబ్బ మీది ఇసుక తీరానికి పోయేవాళ్ళు పెరిగి, గది కోసం బారులు తీరారు. ఏం చేయాలి? గోపురాలు గట్టిగానే ఉన్నాయి. 1929లో వాటిని పడగొట్టకుండా వాటికే పని మార్చారు. పైనున్న దూలాన్ని ఇంకో నలభై అడుగుల మేర పైకి జరిపారు. గది తీసేసి, దాని చోట రోడ్డున్న వంతెన ముక్కను వేలాడదీశారు, 386 అడుగుల పొడుగు. దిమ్మెలు కట్టారు. దూలాన్ని పైకి ఎందుకు జరపాలంటే, లేచిన వంతెన దాని కిందకు వచ్చి ఆగాలి, ఆగిన తర్వాత కూడా ఓడకు అదే 135 అడుగుల ఎత్తు మిగలాలి. 1930 మార్చి 29న మొదటిసారి లేచింది. 1892లో వద్దన్నది ఇదే కదా, అదే చోట, అదే సూత్రంతో.

ఇప్పుడు ఆ వంతెన కిందుగా వెయ్యి అడుగుల ఓడలు పోతాయి. ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం. ఓడ దగ్గరికి వస్తూ కూత వేస్తుంది: ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, మళ్ళీ పొడుగ్గా, మళ్ళీ పొట్టిగా. వంతెన తన కొమ్ముతో అదే కూత తిరిగి వేస్తుంది. రోడ్డు మీద గంట మోగుతుంది, గేట్లు పడతాయి, 900 టన్నులు చప్పుడు లేకుండా పైకి పోతాయి. పెద్ద ఓడ ఏ వేళ వచ్చినా లేవాల్సిందే. సీజనులో చిన్న పడవలకైతే గంటకూ అరగంటకూ వేళ పెట్టారు. దిబ్బ మీది ఇంటికి పోతూ వంతెన దగ్గర చిక్కుకుపోవడానికి ఆ ఊళ్ళో మాటే ఉంది, ‘బ్రిడ్జ్‌డ్’ అయ్యామంటారు. మనం ‘గేటు పడింది’ అన్నంత మామూలుగా. చలికాలం మధ్యలో రెండు నెలలు సరస్సు దారి మూసేస్తారు, అప్పుడు వంతెనకు దాదాపు విశ్రాంతి.

ఇక పాంబన్. పాత వంతెన 1914 ఫిబ్రవరి 24న తెరిచారు. అప్పట్లో అది రామేశ్వరం కోసం మాత్రమే కట్టింది కాదు, సిలోన్ దారి. మద్రాసు నుంచి వచ్చే బోట్ మెయిల్ రైలు ఆ వంతెన దాటి ధనుష్కోడి చేరేది, అక్కడి నుంచి స్టీమరులో తలైమన్నార్. రెండు కిలోమీటర్ల పైన పొడుగు, నూట నలభైకి పైగా స్తంభాలు, మధ్యలో ఓడల కోసం షెర్జర్ రెక్కలు రెండు, ఒక్కోటి 415 టన్నులు. ఆ రెక్కలను చివరిదాకా మనుషులే ఎత్తారు. మోటారు లేదు. పన్నెండు మంది దాకా కూలీలు రెండు వైపులా చేరి, లీవర్లు పట్టుకుని గానుగెద్దుల్లా తిప్పితే రెక్కలు విచ్చుకునేవి. ఆ కొద్దిమంది బలంతో వందల టన్నులు ఎట్లా కదిలాయి అంటే, మళ్ళీ అదే, తాత చెప్పిన గుండు.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫానులో ధనుష్కోడి ఊరే కొట్టుకుపోయింది. పాంబన్ నుంచి ధనుష్కోడి పోతున్న ప్యాసింజర్ రైలును అలలు మింగేశాయి, దాన్లో ఉన్న వంద మందికి పైగా ఒక్కరూ మిగల్లేదు. వంతెన మీది ఉక్కు గర్డర్లు చాలావరకు సముద్రంలో పడిపోయాయి. నిలబడ్డది మధ్యలోని షెర్జర్ భాగం. అందరికంటే కదిలేదే కదలకుండా నిలిచింది. బాగు చేయడానికి ఆరు నెలలు గడువు అనుకున్న పనిని ఇ. శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో పూర్తి చేశాడు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే. నీళ్ళలో పడ్డ గర్డర్లను వెతికి పైకి తీసి మళ్ళీ వాడుకున్నారు.

అంత గట్టిదాన్ని ఎందుకు మార్చారన్నది పెద్దమ్మ అసలు బాధ. ఆ బాధ నాకూ ఉంది. కానీ నూట ఎనిమిదేళ్ళ ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో తెలిసినవాళ్ళు మార్చొద్దని అనలేరు. 1988లో పక్కనే రోడ్డు వంతెన వచ్చింది, 2007 నాటికి మీటర్ గేజ్ పోయి పెద్ద పట్టాలు వచ్చాయి, రైళ్ళు బరువెక్కాయి, రెక్కలు మాత్రం అవే. ఈ రెక్కల రకంలో రైలుకు ఒక బలహీనత ఉంది. రెండు చేతులు మధ్యలో వేళ్ళు కలుపుకున్నట్టుంటుంది, రైలు బరువు సరిగ్గా ఆ కలిసేచోట పడినప్పుడు రెండూ కొంచెం వంగుతాయి. నిలువు లిఫ్ట్ అయితే అటు గట్టు నుంచి ఇటు గట్టుకు ఒకే దూలం. పైగా రెక్క లేచి నిలబడితే తెరచాపలా గాలిని పడుతుంది. కరెంటు రైలు తీగను విచ్చుకునే రెక్కల మీదుగా లాగడం కంటే, అడ్డంగానే లేచి దిగే ముక్క మీద అమర్చడం సులువు. 2022 డిసెంబరులో పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. రెండేళ్ళకు పైగా మన తిరుపతి వాళ్ళం కూడా ఇవతల గట్టునే రైలు దిగి, బస్సుల్లో, ఆటోల్లో దీవి చేరాం.

కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు తెరుచుకుంది. లేచే ముక్క 72.5 మీటర్లు, 17 మీటర్లు పైకి లేస్తుంది, అయిదున్నర నిమిషాలు పడుతుంది. దీన్లో పోగొట్టుకున్నది ఒకటుంది, అది కూడా చెప్పాలి. రెక్కలు విచ్చుకుంటే పైన ఆకాశమే హద్దు, ఎంత పొడుగాటి కొయ్యస్తంభమున్న ఓడైనా పోవచ్చు. నిలువుగా లేచేదానికి గోపురాలే హద్దు. నీటి మీద 22 మీటర్లు మించి రాదు. పక్కనున్న రోడ్డు వంతెన ఎత్తూ అంతే కాబట్టి ఇక్కడ అది కొత్త నష్టం కాలేదు.

పాంబన్‌లో ఓడలు డలూత్‌లో లాగా కూత వేసి దర్జాగా రావు. ముందుగా కబురు పంపి, అనుమతి తీసుకుని, రైళ్ళు లేని వేళ కోసం లంగరు వేసుకుని కాచుకుంటాయి. అక్కడ బండి ఆగాలి, ఇక్కడ ఓడ ఆగాలి. ఇనుము ఒకటే, సూత్రం ఒకటే. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్న సామెత మనవాళ్ళు మనుషుల దశల గురించి చెప్పారు గానీ, వంతెన దగ్గర అది ఉన్నదున్నట్టు నిజం. ఏ ఊరికి ఏది కూడు పెడుతోందో దానికే దారి. డలూత్‌కు ఖనిజపు ఓడ కూడు పెట్టింది, రామేశ్వరానికి యాత్రికుల రైలు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పినప్పుడు ఆమె ఇంకోటి అడిగింది. “మన పక్కన పులికాట్ ఉందే, యాడా లేచే వంతెన లేదే?” 

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. పులికాట్‌లో ఎక్కువ భాగం 2022లో మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది, సూళ్ళూరుపేటతో, తడతో, శ్రీహరికోటతో సహా. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దాని పక్కనుంచే బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పూ, శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకూ ఈ నీళ్ళ మీదే మద్రాసుకు పోయేవి. అప్పుడు ఇక్కడ కూడు పెట్టింది పడవ. తర్వాత రాకెట్లు వచ్చాయి. పెద్ద పెద్ద ట్రైలర్లు ఏ క్షణంలోనూ ఆగకుండా దీవికి చేరాలి. సూళ్ళూరుపేట నుంచి అటకానితిప్ప మీదుగా సరస్సు మధ్యలో మట్టికట్ట వేసి రోడ్డు పోశారు, కింద అక్కడక్కడా తూములు. దేశానికి ఆ రోడ్డు ఎంత అవసరమో నాకు తెలుసు, రాకెట్ లేచిన ప్రతిసారీ మేడ మీదికి ఎక్కి తూర్పుకు చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ కట్ట వేసినప్పుడు ఎవరు ఆగాలన్న ప్రశ్న అడగలేదు. తూముల్లో నీళ్ళు కొంత పోతాయి, తెరచాప ఎత్తిన పడవ పోదు. మొగలు పూడడం, వానలు తగ్గడం వంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, రోడ్డుకు ఉత్తరాన సరస్సు ఎండాకాలం నెర్రెలిచ్చిన నేల కావడంలో ఈ కట్టకూ వాటా ఉందని జాలర్లు మొదటినుంచీ మొత్తుకుంటున్నారు. ఇరకం దీవి వాళ్ళైతే ఇప్పటికీ భీములవారిపాళెం రేవు నుంచి పడవ మీదే ఇంటికి పోతారు, డలూత్ దిబ్బ మీదివాళ్ళు 1905కు ముందు పోయినట్టు.

పోయిన చలికాలం ఫ్లెమింగోల కోసం పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఆ కట్ట మీద బండి ఆపాను. కుడివైపు నీళ్ళు, దాన్లో గులాబీ రంగు గుంపు. ఎడమవైపు బురద, దాని అంచున బోర్లించిన ఒక పడవ. అడుగున తారు ఎండి పెచ్చులు లేచింది. దాని పక్కన ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. పడవ అటువైపు ఎట్లా పోతుంది అన్నాను. వల మీంచి తల ఎత్తకుండానే, “మోసుకుపోవాలబ్బా, నలుగురం పట్టుకుని రోడ్డు దాటిస్తాం, బండ్లు లేనప్పుడు చూసుకుని” అన్నాడు.